తులసమ్మను కదిలించిన శుక్రవారం

తెల్లవారగానే సత్యలక్ష్మి చేతిలోకి ముందు ఫినాయిలు సీసా రావాలి, ఆ తరవాతే కాఫీ గ్లాసు. ఆ ఇంట్లో ఎప్పటినుంచో నడుస్తున్న ఆనవాయితీ అది. తణుకులో బజారు వెనక వీధిలో వెంకటసుబ్బారావుగారి కిరాణా కొట్టంటే తెలియనివాళ్ళు లేరు. సొంత కొట్లో సరుకే కనక ఆయన భార్యకి ఫినాయిలుకీ, బ్లీచింగ్ పౌడరుకీ, యాసిడ్‌కీ ఏనాడూ లోటు రాలేదు. ఒకనాడు యాసిడ్, ఒకనాడు బ్లీచింగ్, ఫినాయిలు మాత్రం నాగా లేకుండా ప్రతిరోజూ. రెండు బాత్‌రూములూ తళతళలాడేదాకా తోమి కడిగి, ఆ మీద తలారా స్నానం చేసి, పెరట్లో తులసికోట దగ్గర దీపం పెడితేగాని ఆవిడకి రోజు మొదలైనట్టు కాదు. శుభ్రత మంచిదే, ఎవరు కాదన్నారు? కాని ఆవిడ శుభ్రతకి జడిసి ఇంట్లో మిగతావాళ్ళు అడుగు తీసి అడుగెయ్యడానికి కూడా ఆలోచించేవారు.

ఆరోజు శ్రావణ శుక్రవారం. వారంగా ఒకటే వాన. కాలవలు గట్లు ఒరుసుకుని పారుతున్నాయి, పెరట్లో జానెడు తవ్వితే నీళ్ళు ఊరుతున్నాయి. సత్యలక్ష్మి యాసిడ్ పోసి, బ్రష్షుతో రుద్ది, బకెట్టుతో నీళ్ళు గుమ్మరించింది. నీళ్ళు కిందికి దిగలేదు. గుటగుటమంటూ పైకి లేచి, కమోడ్ అంచుదాకా వచ్చి నిలబడ్డాయి. వాటితో పాటు వచ్చిన వాసనకి ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"ప్రసన్నా! ఓ ప్రసన్నా!"

కోడలు సాయిప్రసన్న గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. ఏడో నెల. కళ్ళ కింద నల్లగా ఉంది, పెదవులు ఎండి ఉన్నాయి. అవేవీ సత్యలక్ష్మి చూడలేదు.

"ఏం పడేశావమ్మా ఇందులో?"

"నేనేం వెయ్యలేదత్తయ్యగారూ. ఏదున్నా కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేస్తున్నాను."

"వెయ్యకపోతే ఎందుకు పొంగుతుంది? నువ్వీ గుమ్మంలో అడుగు పెట్టకముందు ఈ ఇంట్లో ఇలాంటిది జరిగిందా? గంటకోసారి ఆ ఫ్లష్ నొక్కుతూనే ఉంటావు. ట్యాంకు నిండక ఏమవుతుంది?"

ప్రసన్న మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. "ట్యాంకు నిండిందనే నెలనుంచి చెబుతున్నానండీ. కాకినాడలో మా నాన్నగారు రెండు మూడేళ్ళకోసారి బండి పిలిపించి తీయిస్తారు. మనింట్లో అసలు ఒక్కసారైనా తీయించారా? పైగా రోజూ ఈ యాసిడ్లూ బ్లీచింగులూ పోస్తుంటే లోపల మురికిని కరిగించే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి. అవి బతికుంటేనే ట్యాంకు దాని పని అది చేసుకుపోతుంది."

"అంటే నా ఇంట్లో నన్ను పురుగుల్ని పెంచమంటావా?"

హాల్లో పేపరు చదువుతున్న వెంకటసుబ్బారావు పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం కప్పుకున్నాడు. ట్యాంకు మాట ఎత్తితే చాలు, ఆయనకి కొట్లో పని గుర్తొస్తుంది. ట్యాంకు మూత ఎక్కడుందో చెప్పండి నాన్నగారూ అని కొడుకు నిరంజన్ ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఎప్పుడో కట్టిన ఇల్లురా, గుర్తులేదు." ఎవరికి అప్పిచ్చాడో పదేళ్ళయినా మరిచిపోని మనిషి, సొంత పెరట్లో మూత మరిచిపోయాడంటే ఎవరైనా నమ్ముతారా? ఆ ఇంట్లో మాత్రం అందరూ నమ్మారు.

ప్రసన్న తన గదిలోకి వెళ్ళిపోయింది. సత్యలక్ష్మి నేల తుడిచే గుడ్డ కోసం అటు వెళ్తూ, తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల కోడలు ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోంది.

"ఆదివారం సీమంతానికి మా అమ్మ వస్తుంది కదా, అది అవగానే తనతో వెళ్ళిపోతాను. పురుడయ్యాక ఈ ఇంటికి మాత్రం రానండీ. మీరు విడిగా ఇల్లు చూస్తే వస్తాను, లేకపోతే కాకినాడలోనే ఉండిపోతాను. నా బిడ్డ బాత్‌రూముకి వెళ్ళినా ఎవరో ఒకరు లెక్కపెట్టే ఇంట్లో పెరగడానికి వీల్లేదు."

"నెమ్మదిగా ప్రసన్నా, అమ్మ వింటుంది," అన్నాడు నిరంజన్.

అమ్మ విననే విన్నది. పుట్టబోయే బిడ్డ కోసం అటక మీద ఉయ్యాల దింపించి, తోమించి, ఆరబెట్టించింది తను. ఆ ఉయ్యాల ఖాళీగా ఊగడం కళ్ళముందు కనిపించింది. భయం వేసింది. ఆవిడకి భయం వేస్తే అది నోట్లోంచి కోపంగానే బయటికొస్తుంది. "వెళ్తే వెళ్ళనీ! ఎవరాపారు?" అని వంటింట్లో గిన్నెల మీద అరిచింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ కోడలి మీద కోపానికి గిన్నెలు సొట్టలు పడ్డాయి.

నిరంజన్ ఇంక తండ్రిని అడగలేదు. తనే ఫోన్ చేసి సెప్టిక్ ట్యాంకులు తీసే బండిని పిలిపించాడు. వాన కొంచెం తెరిపిచ్చే వేళకి ట్యాంకరు వచ్చి వీధిలో ఆగింది. దాని యజమాని పెద్దిరాజు గొట్టాలు దింపించి లోపలికొచ్చాడు.

"మూత ఎక్కడండీ?"

వెంకటసుబ్బారావు చెప్పులేసుకుంటున్నాడు.

"నాన్నగారూ, ఎక్కడికి?"

"కొట్టు దగ్గర లోడు దిగుతోందిరా."

"పర్వాలేదండీ, కనుక్కుంటాను," అన్నాడు పెద్దిరాజు. బాత్‌రూము గోడ బయట పైపు ఎటు వెళ్తోందో చూసుకుంటూ, ఇనప ఊచతో నేల మీద కొట్టుకుంటూ, గాలిగొట్టం దాకా నడిచాడు. అక్కణ్ణించి ఇంకో నాలుగడుగులు వేసి ఆగాడు. ఊచ చప్పుడు డొల్లగా మోగింది. ఆయన తలెత్తి చూశాడు. ఎదురుగా నల్లరాయి తులసికోట, పసుపూ కుంకాలతో, పొద్దుట పెట్టిన దీపంతో.

"ఇక్కడేనండి. మూత దీని కిందుంది."

సత్యలక్ష్మికి ముందు ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక ఒళ్ళంతా జలదరించింది. "ఏంటయ్యా నువ్వు కూసేది? అక్కడ తులసమ్మ ఉంది!"

"తులసమ్మ పైనుందండి. మూత కిందుంది."

అందరూ వెంకటసుబ్బారావు వైపు తిరిగారు. ఆయన ఒక చెప్పు కాలికి, ఇంకోటి చేతిలో ఉండగానే అరుగు మీద కూలబడ్డాడు.

"అబ్బాయి కారు కొన్నప్పుడు ఇంటి ముందున్న పాత తులసికోట అడ్డమొచ్చింది," అన్నాడు నేలకేసి చూస్తూ. "నువ్వు కాశీ వెళ్ళావు. పెరట్లో ఎక్కడ తవ్వినా నీళ్ళే. ఇక్కడ గట్టి పలక ఉందండీ, పునాదక్కర్లేదు అన్నాడు మేస్త్రి. నాకూ అప్పుడు తట్టలేదు. తట్టేసరికి కోట లేచిపోయింది. నువ్వొచ్చి, నల్లరాయి కోట చూసి, దండం పెట్టుకుని ఏడ్చావు చూడు, సంతోషంతో. ఇంక నాకు నోరు రాలేదు."

"ఇన్నేళ్ళు నాచేత దాని మీద... దీపం పెట్టించారా?" అంది సత్యలక్ష్మి.

"చెబితే నువ్వు బతకనిస్తావా?"

పెద్దిరాజు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, కోట తీస్తే అరగంటలో పనైపోద్దండి. మూత మీద ఏదీ కట్టకూడదండి అసలు. తియ్యడానికి వీలుగా ఉంచుకుని, రెండు మూడేళ్ళకోసారి తీయించుకుంటే ఈ బాధే ఉండదు. ఇప్పుడు ట్యాంకు నిండా గడ్డకట్టిపోయింది, పైగా వానకి నేల నీళ్ళు తాగట్లేదు, అందుకే ఇంట్లోకి తంతోంది."

"తులసికోట మీద చెయ్యి పడడానికి వీల్లేదు," అంది సత్యలక్ష్మి. "అందులోనూ శ్రావణ శుక్రవారం! పక్కనుంచి ఎక్కడో పగలగొట్టి, మనిషిని దింపి తీయించు. అలా తీస్తారని విన్నాను."

పెద్దిరాజు మొహం మారిపోయింది. "మనిషిని దింపనండి. లోపలి గాలి పీలిస్తే రెండో ఊపిరి ఉండదు. చట్టం కూడా ఒప్పుకోదు. మీరు ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి." అని గొట్టాలు చుట్టించి వెళ్ళిపోయాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన ప్రసన్న ఒకే ఒక్క మాట అంది. "మొక్క పక్కకి జరపడం కంటే మనిషి ప్రాణం చిన్నదైపోయిందా అత్తయ్యగారూ?"

సత్యలక్ష్మి విసురుగా లోపలికి పోయి పూజగది తలుపేసుకుంది. దేవుడి ముందు కూర్చుందేగాని మంత్రం ఒక్కటీ నోటికి రాలేదు. ఇన్నేళ్ళ పూజ ఏ మురికి మీద చేసిందో తలుచుకుని, తీసిన పువ్వు మళ్ళీ బుట్టలోనే పెట్టేసింది. పైన పటారం లోన లొటారం అని ఊళ్ళో అందరినీ ఆడిపోసుకునేది. ఆ సామెత తన పెరట్లోనే నల్లరాయితో కట్టి ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రసన్న గదిలోంచి మూలుగు వినిపించింది. సత్యలక్ష్మి తలుపు తోసింది. కోడలు దుప్పటి చుట్టుకుని గడగడా వణుకుతోంది. చెయ్యి పట్టుకుంటే నిప్పులా కాలిపోతోంది. "ఏమైందే?" అని అడిగితే పొత్తికడుపు చూపించింది.

"నిరంజన్! కారు తియ్యరా!"

ఆ కేకకి పక్కింటి బుల్లెమ్మ కూడా పరిగెత్తుకొచ్చింది. పెద్దావిడ, ఒంటరి మనిషి, నోట్లో మాట దాచుకోవడం రాదు. ప్రసన్న నుదుటి మీద చెయ్యేసి చూసి, సత్యలక్ష్మి వైపు తిరిగింది.

"అయింది కదా! నేను అనుకుంటూనే ఉన్నాను, ఇలాంటిదేదో అవుతుందని."

"ఏంటి పిన్నిగారూ, ఏమైంది?"

"ఏమైందా? ఈ పిల్ల మీ బాత్‌రూముకి వెళ్ళడం మానేసి ఎన్నాళ్ళైందో తెలుసా నీకు? ఫ్లష్ నొక్కితే నువ్వు ఏమంటావో అని పొద్దున్నోసారి, నువ్వు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడోసారి గోడ పక్కనుంచి మా ఇంటికొచ్చేది. మిగతాసేపంతా ఉగ్గబట్టుకునేది. మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుందని మంచినీళ్ళు తాగడం మానేసింది. తాగు తల్లీ, కడుపుతో ఉన్నదానివి అంటే, 'వద్దు మామ్మగారూ, మళ్ళీ వస్తుంది' అనేది. చెప్పొద్దని ఒట్టేయించుకుంది, అందుకే ఊరుకున్నాను."

పొద్దున్న తనన్న మాట సత్యలక్ష్మి చెవుల్లోనే మోగింది. గంటకోసారి ఫ్లష్ నొక్కుతావు. నొక్కింది ఎవరు? కొడుకు నొక్కాడు, భర్త నొక్కాడు, తను బకెట్లకి బకెట్లు గుమ్మరించింది. నొక్కనిదల్లా ఈ పిల్ల ఒక్కతే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలు రాసి, సెలైను పెట్టించి బయటికొచ్చింది. "మూత్రంలో ఇన్ఫెక్షన్ అండీ. నీళ్ళు తాగక, ఆపుకుని తెచ్చుకుంది. ఈ నెలల్లో ఇది ముదిరితే నెప్పులు ముందే వచ్చేస్తాయి, బిడ్డకి ప్రమాదం. సమయానికి తీసుకొచ్చారు. ఇంట్లో బాత్‌రూము సదుపాయం లేదా?"

"ఉందండీ," అంది సత్యలక్ష్మి. "రెండున్నాయి." ఆ మాట అంటుంటే తల ఎత్తలేకపోయింది.

బెంచీ మీద పక్కన కూర్చున్న వెంకటసుబ్బారావు నెమ్మదిగా అన్నాడు. "తప్పు నాది సత్యా. మూత సంగతి నేను చెప్పి ఉంటే..."

"మీరెందుకు చెప్పలేదో నాకు తెలుసు," అందావిడ. "ఆ పిల్లెందుకు చెప్పలేదో, మీరూ అందుకే చెప్పలేదు. బుల్లెమ్మ పిన్నిగారు ఇన్నాళ్ళూ నోరు తెరవకపోవడమూ అందుకే. మీ అందరికీ నేనంటే భయం. భయం పెడితే ఇల్లు శుభ్రంగా ఉంటుందనుకున్నాను. మురికి ఎక్కడికీ పోలేదండీ, నా కంటపడకుండా కిందికి పోయిందంతే." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో ఆయన ఆవిడని అలా నలుగురిలో ఏడవగా చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక చేతిలో ఉన్న మందుల చీటీని మడతలు పెడుతూ కూర్చున్నాడు.

కాసేపటికి ఆవిడే లేచింది. "నిరంజన్, ఆ పెద్దిరాజు గారికి ఫోన్ చెయ్యి. బండి తీసుకుని రమ్మను. నువ్విక్కడుండు. నేనూ నాన్నగారూ ఇంటికెళ్తాం."

"ఇవాళ శుక్రవారమమ్మా. రేపు..."

"దాహమేసిన పిల్లకి రేపు తాగు అని చెబుతామా? చెయ్యరా ఫోను."

సాయంత్రం నాలుగింటికి బండి మళ్ళీ వచ్చింది. పెద్దిరాజు పెరట్లోకి వచ్చి, కోట గూట్లో ఇంకా మినుకుమినుకుమంటున్న దీపం చూశాడు. "ముందు ఆ దీపం ఉండకూడదండి. మూత తీస్తే వచ్చే గాలికి నిప్పు తగిలితే అంటుకుంటది. అందరూ కాస్త దూరంగా ఉండండి."

తను పెట్టిన దీపాన్ని తన చేత్తో సత్యలక్ష్మి ఏనాడూ ఆర్పింది లేదు. చమురు అయిపోయి దానంతటది కొండెక్కాల్సిందే. ఆవిడ కోట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. శుక్రవారం ఒక్క దళం కూడా తుంచనిది, ఇప్పుడు మొక్కనే పెకలించబోతోంది. "అమ్మా, ఇంటి మహాలక్ష్మి దాహంతో పడుకుంటే, నీకు నీళ్ళు పోసి ఏం లాభం?" అనుకుంది పైకే. పువ్వుతో దీపం కొండెక్కించింది. తరవాత చేత్తో మట్టి తవ్వి, వేళ్ళు తెగకుండా, గడ్డతో సహా తులసిమొక్కని పైకి తీసి పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది. వెంకటసుబ్బారావు ఖాళీ కుండీ తెచ్చి పట్టుకున్నాడు. పెద్దిరాజు మనుషులు గునపాలతో నల్లరాళ్ళు ఒక్కొక్కటే తీసేశారు. కింద నిజంగానే మూత ఉంది, తుప్పుపట్టిన ఇనప కొక్కెంతో సహా.

మూత లేచినప్పుడు వచ్చిన వాసన వీధి చివరిదాకా పోయింది. మామూలు రోజైతే ఆవిడ ఫినాయిలు సీసాతో పరిగెత్తేదే. ఆరోజు కదలకుండా అరుగు మీద కూర్చుని, ట్యాంకరు గొట్టం గురగురమంటూ తన ఇంటి మురికినంతా లాక్కుపోవడం చివరిదాకా చూసింది.

"ఇంక రోజూ యాసిడ్ పొయ్యకండమ్మా," అన్నాడు పెద్దిరాజు వెళ్తూ. "వారానికోసారి కాస్త సబ్బుపొడి, బ్రష్షు చాలండి."

"మా కోడలు నెలరోజుల్నించీ అదే చెప్పిందయ్యా. ఇప్పటికి నా చెవికెక్కింది."

"ఆయ్, మంచిదండి."

ఆ రాత్రి ఆస్పత్రిలో నిరంజన్‌ని ఇంటికి పంపి, సత్యలక్ష్మే మంచం పక్కన కూర్చుంది. ప్రసన్న కళ్ళు తెరిచి, అత్తగారిని చూసి, అలవాటుగా దుప్పటి సర్దుకుంది. ఆ సర్దుకోవడం సత్యలక్ష్మి కంటపడింది. గ్లాసుతో నీళ్ళు అందించింది.

"తాగు తల్లీ."

ప్రసన్న తటపటాయించింది.

"తాగు. ఎన్నిసార్లు వెళ్ళాల్సొస్తే అన్నిసార్లూ నేనే పట్టుకుని తీసుకెళ్తాను. నేనన్న మాటలు ఇన్నాళ్ళూ నువ్వే దిగమింగావు, ఇకమీదట నేను మింగుతాను. నన్ను క్షమిస్తావో లేదో నీ ఇష్టం, నీళ్ళు మాత్రం తాగు."

ప్రసన్న గ్లాసందుకుని నిండా తాగింది. ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తూ, "ఇంకొంచెం పొయ్యండి," అంది.

ఆదివారం జరగాల్సిన సీమంతం పై వారానికి వాయిదా పడింది. కాకినాడనుంచి ప్రసన్న తల్లి లోవలక్ష్మి చలిమిడీ పళ్ళూ గాజులూ తెచ్చింది. సత్యలక్ష్మి ఏదీ దాచకుండా జరిగిందంతా తనే ఆవిడకి చెప్పింది. వియ్యపురాలు తెచ్చిన గాజులు ఒక్కొక్కటే సర్దుతూ విన్నది. చివరికి, "పిల్లని తీసుకెళ్తాను వదినగారూ," అంది అంతే. "తీసుకెళ్ళండి," అంది సత్యలక్ష్మి. మళ్ళీ పంపిస్తారా అని అడగడానికి నోరు రాలేదు. అడిగే హక్కు పోగొట్టుకున్నాననిపించింది.

కారు వీధిలోనే నిలిపి ఉంది. కారుండే చోట ఇప్పుడు కుండీలో తులసమ్మ ఉంది, రెండు కొత్త చిగుళ్ళతో. సామానంతా ఎక్కించాక ప్రసన్న కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే పెరట్లో మూత దగ్గర నిలబడి ఉంది. కొత్త కొక్కెం బిగించి, చుట్టూ సిమెంటు పూసి, చక్కగా ఉంది.

"అత్తయ్యగారూ, దీని మీద ఏదీ పెట్టనివ్వకండేం. వడియాలు ఎండబెట్టే మంచం కూడా."

"పెట్టనమ్మా."

"పిల్లలున్న ఇంట్లో నీళ్ళ వాడకం ఎక్కువ. స్నానాలూ, గుడ్డలూ. మా అమ్మ బిడ్డని తుడవడానికి తడి కాగితాలు కొని పంపుతుందేమో. అవి మాత్రం కమోడ్‌లో వెయ్యకూడదు, ఒక మూతబుట్ట కొనిపెట్టండి." ప్రసన్న కొంగు సర్దుకుని, అత్తగారి కళ్ళలోకి చూసింది. "నేనొచ్చేసరికి ఉండాలి."

సత్యలక్ష్మి తలూపింది. కారు వీధి మలుపు తిరిగేదాకా చెయ్యూపి, లోపలికొచ్చి, భర్తని కొట్టుకి పంపించింది, మూతబుట్ట తెమ్మని.